బాలమ్మ కోసం తవ్విన గొయ్యి

పోయిన వారం మనం రత్నాలును చేలో వదిలాం. డుంబ్రిగుడ వైపు నుంచి వస్తున్న ఆడవాళ్లు ఆమెను చూసి గట్టు మీద ఆగారు. "ఓలమ్మా, నువ్విక్కడే ఉన్నావేటి? రేపు సంతలో మీ గుంటని, ఆ పిల్లదాన్ని, గోతిలో కూకోబెట్టి మట్టి కప్పుతారట కదా! నీకు తెలీదేటి?" అన్నారు. రత్నాలుకు తెలియదు. చేలో సగం సామ కోయాల్సి ఉంది. ఆమె చేతిలోని కొడవలి అక్కడే పెట్టి, ఇంటికైనా వెళ్లకుండా నడక మొదలుపెట్టింది. దారిలో ఒక గూడెంలో ఎవరి అరుగు మీదో కాసేపు నడుం వాల్చి, తెలవారుతూనే మళ్లీ లేచింది.

కొత్తగా ఈ కథ పట్టుకున్నవాళ్లకు కొంచెం వెనకటి సంగతి చెప్పాలి. రత్నాలు భర్త పేరు బుధు. అరకు లోయకు పైనున్న కొండల్లో సామలు, చోళ్లు పండించుకు బతికే కొండదొర తెగవాళ్లు. ఒక్కతే కూతురు, గురుబారి. ఫితూరీ రోజుల్లో తిరుగుబాటువాళ్లకు అన్నం పెట్టాడన్న అనుమానంతో పోలీసులు బుధును డుంబ్రిగుడ సంతలో రాటకు కట్టి, అందరూ చూస్తుండగా కొట్టారు. నిజానికి అతను ఎవరికీ అన్నం పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ దెబ్బలకు కాస్త గౌరవమైనా దక్కేది. గాయాలు మానాయి గాని, అతను తలెత్తి నడవడం మానేశాడు. సంతకు వెళ్లడమే మానేశాడు.

మరుసటి ఏడు గురుబారికి పెద్ద జ్వరం తగిలింది. బతకదనుకున్నారు. గూడెం దేవత పెద్దమ్మకు మొక్కి వాకిట్లో మేకపిల్లను కట్టారు. కత్తి ఎత్తిన వేళ, అప్పటివరకు కళ్లు తెరవని పిల్ల లోపలినుంచి కేక పెట్టింది. "కొయ్యొద్దు!" అంది. కత్తి దించేశారు. సాయంత్రానికి జ్వరం దిగింది. పెద్దమ్మే పిల్ల నోట పలికిందని గూడెం అంతా అనుకుంది. అప్పటినుంచి ఆమెను గురుబారి అని పిలిచేవాళ్లు లేరు. అందరికీ బాలమ్మ.

రెండేళ్లుగా బుధు కూతుర్ని సంత నుంచి సంతకు తిప్పుతున్నాడు. పసుపు గుడ్డ కట్టుకుని పీట మీద కూర్చుని ఆ పిల్ల చెబుతుంది. దేవతకు రక్తం పెట్టొద్దంటుంది, సారా ముట్టొద్దంటుంది, టీకాలవాడి సూది ఒంటికి తగలనివ్వొద్దంటుంది. తనను నమ్మినవాళ్ల ఇంటికి పెద్దమ్మ మశూచి బొబ్బల రూపంలో రాదని చెబుతుంది. పదకొండేళ్ల పిల్ల మాటకు తల నెరిసినవాళ్లు నేల మీద పడి మొక్కేవారు.

ఈ వానలు వెనకపట్టాక బొబ్బలు వచ్చాయి. బాలమ్మ మాట విన్న గూడేల్లోనే ఎక్కువగా వచ్చాయి.

*

రత్నాలు వచ్చేసరికి డుంబ్రిగుడ సంతలో బేరాలు సాగడం లేదు. ఉప్పు బస్తాల దగ్గరా, ఎండుచేపల తట్టల దగ్గరా అమ్మేవాళ్లే మిగిలారు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు దుకాణాల ముందు నిలబడి ఒకవైపే చూస్తున్నారు. సంతబయలు పొలాల వైపు దిగే చోట జనం కమ్ముకుని ఉన్నారు. అంతమంది ఉన్నా ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ఆమెను గుర్తుపట్టి కొందరు దారి ఇచ్చారు. ఒక ముసలామె వంగి ఆమె కొంగు అందుకుని కళ్లకద్దుకుంది. రత్నాలు కొంగు లాక్కుని ముందుకు నడిచింది.

గొయ్యి అప్పటికే తవ్వేశారు. చిన్నపిల్ల చతికిలబడితే తల మునిగేంత లోతు. పక్కన ఎర్రమట్టి కుప్ప, మద్దిచెక్కలు, ఒక పొడుగాటి వెదురుబొంగు. వాటి దగ్గర తెల్లటి తలపాగా చుట్టుకుని బుధు నిలబడి ఉన్నాడు.

"గురుబారి అయ్యా" అని పిలిచింది.

బుధు ఉలిక్కిపడి తిరిగాడు. ఆమె ఇంత దూరం వస్తుందని అతను అనుకోలేదు. చెయ్యి పట్టుకుని పనసచెట్టు చాటుకు తీసుకుపోయాడు.

"ఎందుకొచ్చినావు? సేను ఎవులు కోత్తారు?"

"సేను సంగతి ఒగ్గేయ్. ఆ గొయ్యి ఎవులికి?"

"తెలిసే కదా వచ్చినావు."

"నీ నోటితో సెప్పు."

బుధు జనం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పొద్దు గూకే వరకే. లోపల కూకుని పెద్దమ్మని అడుగుతాది. బొబ్బలెందుకు పంపినాదో, ఎప్పుడు తీసుకుపోతాదో అడిగి, బయటికొచ్చి అందరికీ సెప్తాది. గాలికి బొంగు ఎడతన్నాం. ఏటీ అవదు."

"ఏటీ అవకపోతే నువ్వు కూకో."

"నాను కూకుంటే ఎవులికి కావాల? నా మాట ఎవులింటారు?" అన్నాడు. ఆ మాట అన్నాక అతని ముఖం వాడిపోయింది. "నీకు తెలీదే. మొన్న భీమన్న గూడెం ఎల్లినాం. ఆడోళ్లు గుంట మీద మట్టి ఇసిరినారు. 'బొబ్బలు రావన్నావు, మా పిల్లలేరి' అని అడిగినారు. నాను ఏటో ఒకటి సెప్పకపోతే ఆయాల మేం తిరిగొచ్చేవోళ్లం కాదు. పెద్దమ్మనే అడిగిత్తాను అన్నాను. ఎలాగ అన్నారు. భూమిలో కూకోబెట్టి అడిగిత్తాను అన్నాను. నోటికి అదే వచ్చింది."

"నోటికొచ్చినాదా? సూది ఒద్దన్న మాట కూడా అలాగే వచ్చినాదా?"

"ఆ సూదోడు పోలీసోళ్లని ఎంటేసుకుని వచ్చినాడు. ఆళ్లని సూసి జనం పిల్లల్ని ఎత్తుకుని అడవిలోకి పరిగెట్టినారు. అప్పుడు గుంట సేత 'సూది ఒద్దు' అనిపించినాను. అందరికీ పేణం లేచొచ్చినట్టయింది. ఆళ్లు ఇనాలనుకున్నదే కదా సెప్పించినాను. అందులో నా తప్పేటి?"

రత్నాలు అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆ చూపు అతను భరించలేకపోయాడు.

"అలా సూడకు. నానొక్కడినే సేసినట్టు సూడకు. గుంట కాళ్లు కడిగిన నీళ్లు కుండకి పట్టి పంచినది ఎవులు? నువ్వు కాదా? ఆ పసుపు గుడ్డ కట్టింది ఎవులు? ఆడోళ్లు నీ కాళ్ల మీద పడితే ఒక్కసారైనా ఒద్దన్నావా?"

ఆమె ఒద్దనలేదు. మొదటి ఏడాది అన్ని సంతలకూ వెంట వెళ్లింది. అంతకుముందు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నవాళ్లు, పోలీసు దెబ్బలు తిన్నవాడి పెళ్లామని గుసగుసలాడినవాళ్లు, చేతులు జోడించి నిలబడుతుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. సంతనుంచి సంతకు తిరగలేక, చేను పాడైపోతుందని ఈ ఏడు ఇంటి దగ్గర ఆగిపోయింది గాని, ఆ పిల్ల చెప్పేది మానిపించాలని ఆమెకు ఏనాడూ తోచలేదు.

"అవును. నానూ సేసినాను" అంది రత్నాలు. "అందుకే దాన్ని తీసుకుపోడానికి వచ్చినాను."

*

గురుబారి పందిరి కింద పీట మీద కూర్చుని ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమె పాదాలకు పసుపు రాస్తున్నారు. ఉపవాసం ఉంచారేమో, పెదవులు ఎండి పగిలాయి. మెడ సన్నగా సాగినట్టు కనిపించింది. రత్నాలు ఆ ఆడవాళ్లను పంపేసి కూతురి ముందు నేల మీద కూర్చుంది.

"గురుబారీ."

ఆ పేరు వినగానే పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

"లే. ఇంటికెల్లిపోదాం."

"రాను అమ్మా."

"అయ్య కొడతాడని బయమా?"

"అయ్య కొట్టడు. నిన్న పారిపోదాం అన్నాడు అయ్య. కొరాపుటి వైపు ఎల్లిపోదాం, అక్కడ మనల్ని ఎవులూ ఎరగరు అని ఏడిసినాడు. నానే రానన్నాను."

రత్నాలు వెనక్కి తిరిగి చూసింది. గోతి పక్కన బుధు ఎవరితోనో మాట్లాడుతూ తలపాగా సర్దుకుంటున్నాడు. ఏడ్చిన సంగతి అతను తనకు చెప్పలేదు.

"ఎందుకు రానన్నావే?"

 పిల్ల పసుపు పూసిన కాలివేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంది. తర్వాత తల్లి చెవి దగ్గరకు వంగింది.

"నాకేటీ ఇనపడదమ్మా. ఎప్పుడూ ఇనపడలేదు. దారిలో అయ్య సెప్తాడు, పీట మీద నాను సెప్తాను. కొన్నాళ్లకి అయ్య సెప్పకముందే మాటలు వచ్చేసేవి. అందరూ ఏడిసేవారు, మొక్కేవారు. పెద్దమ్మంటే ఇదేనేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను."

"సర్లే. ఇంక సెప్పకు. రా."

"భీమన్న మావ కూతురు కనక లేదూ? అది నా దగ్గరికి వచ్చి అడిగినాది. 'బాలమ్మా, సూది ఏయించుకుంటే బెల్లం ముక్క పెడతారట, ఏయించుకోనా' అని. ఒద్దన్నాను. ఏయించుకుంటే సెయ్యి కుళ్లిపోతాదన్నాను. ఆ మాట అయ్య నేర్పలేదమ్మా. నానే అన్నాను. ఎందుకన్నానో తెలీదు. అది నన్ను బాలమ్మా అని పిలిసినాది కదా, ఏటో ఒకటి గట్టిగా సెప్పాలనిపించినాది."

 భీమన్న ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారని రత్నాలు దారిలోనే విన్నది. పెద్దదాని పేరు కనక.

"కనకని మట్టిలోనే ఎట్టినారు" అంది గురుబారి. "నానూ లోపలికెల్తే దగ్గరగా ఉంటాను కదా. అడుగుతాను. పెద్దమ్మ పలకకపోయినా అదైనా పలుకుతాదేమో."

రత్నాలు కూతుర్ని దగ్గరకు లాక్కుంది. పిల్ల ఒళ్లు చల్లగా ఉంది. ఇంత చిన్న తలలో ఇన్నాళ్లూ ఏం మోసుకు తిరుగుతోందో తల్లికి అప్పుడు తెలిసింది. చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. దాన్ని ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని కూడా తెలిసింది.

"ఇను. నీకు జొరం వచ్చినప్పుడు కొయ్యొద్దని అరిసినావు, గుర్తుందా?"

"లేదు. మీరు సెప్పిందే."

"నాకు గుర్తుంది. ఆ మేకపిల్ల తల్లి సచ్చిపోతే నువ్వే దానికి ఏలు ముంచి గంజి తాగించి పెంచినావు. రాత్రి నీ పక్కలోనే పండేది. ఆయాల అది బయట అరిసినాది. జొరంలో నీకు ఇనపడినాది. దాన్ని కొయ్యొద్దని ఏడిసినావు. అంతే. పెద్దమ్మ కాదు. నువ్వే."

గురుబారి తల్లి ముఖంలోకి చూసింది. "నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"అయ్యకి?"

"అయ్యకీ తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

 ఆ రోజు జనం వాకిట్లో చేరి మొక్కుతుంటే రత్నాలు నోరు తెరవలేదు. మర్నాడు చెప్పాల్సింది, చెప్పలేదు. తర్వాత చెప్పడానికి వీలు లేకుండా పోయింది. ఇదంతా పదకొండేళ్ల పిల్లకు ఎలా చెబుతుంది?

*

భీమన్న పందిరి దగ్గరకు వచ్చాడు. పొడగరి. నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్లు. గొయ్యి తవ్వింది అతనే. చేతులకు ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.

"అప్పా, పొద్దెక్కిపోతంది. గుంటని లేపు" అన్నాడు అక్క వరసైన రత్నాలుతో. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా ఆమెకు ఇంత భయం వేసేది కాదు.

రత్నాలు లేచింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని జనం ముందుకు నడిచింది. మట్టికుప్ప పక్కన నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. మేకపిల్ల సంగతి చెప్పింది. పిల్ల జ్వరంలో ఏడ్చిన సంగతి చెప్పింది. "నా గుంట మీద ఏ తల్లీ రాలేదు. ఇది దేవత కాదు. అందరి పిల్లల్లాంటి పిల్ల. పెద్దోళ్లం మేం దీని సేత అలాగ సెప్పించినాం. తప్పు మాది. దీన్ని ఒగ్గేయండి" అని చేతులు జోడించింది.

నిజం చెబితే పిల్ల బయటపడుతుందనుకుంది ఆమె.

జనం కదల్లేదు. ముందు వరుసలో ఉన్న ఒక ఆడమనిషి లేచి, "అయితే నా కొడుకు ఊరకే పోనాడా?" అంది. ఎవరినీ ఉద్దేశించి అడిగినట్టు లేదు. పక్కనున్న ఇంకొకామె ఏడవడం మొదలుపెట్టింది. వెనకనుంచి ఒక మగగొంతు అంది. "పెద్దమ్మ పలకలేదంటే మరి ఇన్నాళ్లూ దీని నోట పలికినాది ఏటి? రెండేళ్లు మనల్ని ఆడించినాది ఏటి?"

"చిల్లంగి" అన్నారు ఎవరో.

ఆ కొండల్లో అంతకంటే చెడ్డ మాట లేదు. చేతబడి చేసేవాళ్లను చిల్లంగి అంటారు. ఒకసారి ఆ పేరు పడితే ఆ మనిషిని, ఒక్కోసారి ఆ ఇంటిల్లిపాదినీ బతకనివ్వరు. మాట ఒక నోటినుంచి ఇంకో నోటికి పాకింది. అంతవరకు గురుబారి పాదాలకు పసుపు రాసిన ఆడవాళ్లు తమ చేతుల్ని చీరలకు తుడుచుకోవడం రత్నాలు చూసింది. ఎవరి చేతిలోనో రాయి కనిపించింది. తను చెప్పిన నిజమే కూతురి మీదికి తిరిగిందని ఆమెకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది.

భీమన్న చెయ్యెత్తి అందరినీ ఆపాడు. వచ్చి గురుబారి ఎదురుగా నిలబడ్డాడు.

"నాకు ఈ మాటలేటీ వద్దు. గోతిలో కూకుంటానన్నాది, కూకోవాల. బతికి బయటికొస్తే పెద్దమ్మ పిల్లే. రాకపోతే చిల్లంగి. నా పిల్లలెందుకు పోనారో నాకు తెలియాల. అంతే."

"కూకుంటాను మావా" అంది గురుబారి. తల్లి చేతిలోంచి చెయ్యి విడిపించుకుంది.

అప్పుడు బుధు కదిలాడు. అతను ఇంతసేపూ గోతి ఒడ్డున మాట్లాడకుండా నిలబడే ఉన్నాడు. తలపాగా విప్పి మట్టికుప్ప మీద పడేశాడు. ఎవరైనా ఆపేలోగా గోతిలోకి దిగిపోయాడు.

"కప్పండి" అన్నాడు.

"నువ్వెందుకురా?" అన్నాడు భీమన్న.

"ఆ మాటలన్నీ నావి. దారి పొడుగునా దానికి నేర్పినాను. తప్పు పలికితే అన్నం పెట్టలేదు. సూది ఒద్దనిపించినాను. నీ కనకకి ఒద్దని సెప్పించినదీ నానే."

"కాదయ్యా, అది నానే..." అని గురుబారి ముందుకు వచ్చింది.

"నువ్వు నోరు మూసుకో!" అని అరిచాడు బుధు. కూతురి మీద అతను అలా అరవడం రత్నాలు ఎప్పుడూ వినలేదు. అతను మళ్లీ భీమన్న వైపు తిరిగాడు. "అది పిల్ల. దానికేటి తెలుసు? పొద్దు గూకే వరకు నన్ను ఉంచండి. బతికి వస్తే నీ ఇష్టమొచ్చినట్టు సేసుకో. దాని జోలికి మాత్రం రాకు. అందరూ ఇంటన్నారు, మాట ఇయ్యి."

భీమన్న చాలాసేపు అతన్ని చూశాడు. ఈ సంతబయలులోనే రాటకు కట్టిన బుధును అతనూ చూశాడు ఒకప్పుడు. చివరికి తల ఊపి చెక్కలు అందుకున్నాడు.

రత్నాలు గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుంది. బుధు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చున్నాడు. తల వంచితే గాని పట్టడం లేదు.  

"మబ్బు పడతంది" అన్నాడు అతను పైకి చూసి. "సామ తడిసిపోతాది. బేగి ఎల్లి కొయ్యండి."

చెక్కలు పరిచారు. చెక్కల మధ్య సందులోంచి బొంగు దించారు. పైన మట్టి పోసి కాళ్లతో అణిచారు. ఆ తర్వాత జనం చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. గురుబారి బొంగు పక్కనే బోర్లా పడుకుని దానికి నోరు పెట్టి "అయ్యా" అంది. లోపలినుంచి "ఆఁ" అని వినపడింది. కాసేపటికి మళ్లీ పిలిచింది, మళ్లీ పలికాడు. అలా పిలుస్తూనే ఉంది. ఏం చెప్పాలో ఎవరూ నేర్పకపోయినా తండ్రితో ఏవేవో మాట్లాడుతూ ఉంది. రత్నాలుకు ఆ మాటలు సరిగా వినపడలేదు.

*

పొద్దు నడినెత్తి నుంచి వాలిన తర్వాత ఈల వినిపించింది.

ముందుగా వ్యాపారులు దుకాణాల పరదాలు దించేశారు. తర్వాత ఎవరో "పోలీసోళ్లు!" అని కేక వేశారు. అరకు వైపు బాటలో గుర్రం మీద జమాదారు, వెనక లాఠీలతో కానిస్టేబుళ్లు. ఫితూరీ అణిగి రెండేళ్లు దాటినా కొండల్లో పదిమంది ఒకచోట చేరితే ఇంకా అనుమానమే. ఆ లాఠీల రుచి ఎరగని గూడెం లేదు. జనం ఒక్కసారిగా లేచారు. కాళ్ల కింద తట్టలు నలిగాయి, కుండలు పగిలాయి. పొలాల్లోకి పారిపోయే దారి గోతి మీదుగానే ఉంది. రత్నాలు కూతురి మీద పడి ఒంటితో కప్పింది. వీపు మీదనుంచి ఎన్ని కాళ్లు పరిగెత్తాయో ఆమెకు తెలియదు. భీమన్న రెండు చేతులూ చాచి జనాన్ని గోతి మీదికి రాకుండా నెడుతూ కనిపించాడు. లాఠీ దెబ్బ తగిలి పడిపోయాడు, లేచాడు, తొక్కిడిలో పొలాల వైపు కొట్టుకుపోయాడు.

ఆమె తల ఎత్తేసరికి బొంగు లేదు. తొక్కిడిలో మొదలంటా విరిగిపోయింది. నేలకు సమంగా మిగిలిన మోడులోకి మట్టి దిగిపోయి గట్టిగా కూరుకుంది.

గురుబారి చేతులతో మట్టి తోడటం మొదలుపెట్టింది. తల్లీ కలిసింది. ఇద్దరూ నాలుగు దోసిళ్ల మట్టి తీశారో లేదో గుర్రం వచ్చి ఎదురుగా ఆగింది.

"పసుపు గుడ్డ. ఇదే ఆ పిల్ల" అన్నాడు జమాదారు. "ఏమే, నువ్వేనా బాలమ్మవి? సూదులు వెయ్యనివ్వొద్దని ఊళ్లన్నీ తిరిగి చెబుతోంది నువ్వేనా?"

"బాబూ, మట్టి కింద మనిషున్నాడు" అంది రత్నాలు. "నా మొగుడు బాబూ. గాలి లేదు. తియ్యండి బాబూ."

"శవాన్ని పాతారా ఇక్కడ? సంతబయల్లో?"

"శవం కాదు, బతికున్నాడు!"

"బతికున్నవాణ్ని ఎవరైనా పాతిపెడతారా?" అని జమాదారు నవ్వాడు. "ఒక సంతలో దేవత వచ్చిందంటారు, ఇంకో సంతలో మనిషి మట్టిలో ఉన్నాడంటారు. మీ నాటకాలు నాకు కొత్త కాదు. దాన్ని లేవదియ్యండి. చీకటి పడేలోగా అరకు చేరాలి."

ఒక కానిస్టేబుల్ గురుబారిని రెక్క పట్టి లేపాడు. పిల్ల మట్టిని పట్టుకుని వేలాడింది. రత్నాలు ఆ కానిస్టేబుల్ కాళ్లు పట్టుకుంది. అతను కాలు విదిలించాడు. ఆమె పక్కకు పడింది. పడిన చోట ఆమె చెవి నేలకు ఆనింది. అప్పుడు వినపడింది, కిందినుంచి చెక్క మీద కొడుతున్న చప్పుడు. మెల్లగా, ఆగి ఆగి.

ఆమె లేచి నిలబడింది. కూతుర్ని అప్పటికే బాట ఎక్కించారు. గుర్రం ముందు వెళుతోంది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య పసుపు గుడ్డ. ఆ మలుపు దాటితే ఇక కనబడదు. ఠాణాకు తీసుకుపోయిన ఆడపిల్లలు ఎలా తిరిగి వచ్చారో, అసలు తిరిగి రానివాళ్లెవరో ఆమెకు తెలుసు. పరిగెత్తితే అందుకోగలదు. పరిగెత్తితే ఇక్కడ మట్టి తీసేవాళ్లు లేరు. సంతబయలంతా ఖాళీగా ఉంది. ఆమె బాట వైపు ఒక అడుగు వేసింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వేసింది.

మలుపు దగ్గర గురుబారి వెనక్కి తిరిగింది. కానిస్టేబుల్ లాగుతున్నా కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"అమ్మా, నా ఎనకాల రాకు! తవ్వు! బేగి తవ్వు!"

తర్వాత మలుపు దాటించేశారు.

రత్నాలు మోకాళ్ల మీద కూలబడి తవ్వింది. పగిలిన కుండపెంకు ఒకటి దొరికితే దాంతో తవ్వింది. అది విరిగితే గోళ్లతో తవ్వింది. జనం కాళ్లతో అణిచిన మట్టి రాయిలా బిగుసుకుని ఉంది. చినుకులు మొదలయ్యాయి. ఎర్రమట్టి చేతులకు అంటుకుని జారిపోతోంది. కింద చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. చెక్క అంచు వేళ్లకు తగిలాక గాని, చాలాసేపటినుంచి ఏమీ వినపడటం లేదని తెలియలేదు.

విరిగిన బొంగు ముక్కను సందులో దూర్చి, ఒళ్లంతా బరువు వేసి నొక్కింది. చెక్క కొంచెం లేచింది. ఆ సందులోంచి మట్టి లోపలికి జారింది. ఆమె బోర్లా పడుకుని భుజం వరకు చెయ్యి లోపలికి పెట్టి తడిమింది.

జుట్టు తగిలింది. తల ముందుకు వాలి ఉంది. ముఖం దొరికేవరకు వేళ్లను కిందికి జరిపి, నోటి దగ్గర అరచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టింది.

"గురుబారి అయ్యా" అని పిలిచింది.